దీపం పెద్ద చెయ్యి

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: కుట్టుమిషను ముందు అమ్మ, వరండా మంచం మీద నాయనమ్మ, నిచ్చెన మీద ఎలక్ట్రీషియన్, కింద నిచ్చెన పట్టుకుని నేను. నాన్న కూడా ఉన్నట్టే లెక్క. స్టూలు మీద పెట్టిన ఫోన్లోంచి ఆయన గొంతు వస్తూనే ఉంది. నాన్న లారీ డ్రైవరు. నెలకోసారి ఇంట్లో ఉంటాడు, మిగతా రోజులు ఫోన్లో ఉంటాడు. ఇక పిట్టగోడకు అవతల పూలత్త. ఆవిడ మా ఇంటి మనిషి కాదు. కానీ మోచేతులు మా గోడ మీద, కళ్ళు మా వరండాలో, మాటలు మా అందరి నోళ్ళలో ఉన్న మనిషిని ఇంట్లో లేదని ఎలా అంటాం?

"ఇంకొంచెం పైకి పెట్టమను," అన్నాడు నాన్న ఫోన్లోంచి.

"అక్కణ్ణించి నీకు కనిపిస్తోందా ఏంట్రా?" అంది నాయనమ్మ.

"పైన పెడితే వెలుగు దూరం పోతుందమ్మా."

"దూరంలో మనకేం పని? మనం ఉండేది దగ్గరే కదా."

అమ్మ మిషను ఆపి, "పైకే పెట్టు తమ్ముడూ," అంది ఎలక్ట్రీషియన్‌తో. ఎలక్ట్రీషియన్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఆ లైటు ఎవరికోసం వస్తోందో అందరికీ తెలుసు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం అమ్మ ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది. తీగ మీద వేలాడుతున్న దుప్పటి కింద రెండు కాళ్ళు కనిపించాయి. దుప్పటికి కాళ్ళుండవు కదా. అమ్మ కేక పెట్టింది. ఆ కాళ్ళు గోడ దూకి పారిపోయాయి. బట్టలుతికే బండ దగ్గర ఒక చెప్పు మిగిలింది, ఎడమ కాలిది, మడమ దగ్గర బాగా అరిగినది. ఇంట్లో ఏమీ పోలేదు. వచ్చింది ఎవరో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"వెతకడమెంత పని, ఒంటి చెప్పుతో కుంటేవాణ్ణి పట్టుకుంటే సరి," అని నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించింది. నవ్వనిది అమ్మ ఒక్కతే.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో పొద్దు గూకకముందే తలుపు పడేది. పై గడియ బిగుతు, కీచుమనేది. కింది గడియ వదులు, టక్కుమనేది. కీచు, టక్కు వినిపించాయంటే ఇక నాకు బయట అడుగు పెట్టడానికి లేదు. ముగ్గురం ఒకే గదిలో పడుకునేవాళ్ళం, గోడవైపు నేను, మధ్యలో నాయనమ్మ, తలుపువైపు అమ్మ. పగలు మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి అమ్మ చెవులు రిక్కించేది. ఒకసారి చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టింది. తెచ్చినావిడ దాన్ని ఎత్తి చూపిస్తే, మా అమ్మ, ఎప్పుడూ కుట్టు తప్పని మా అమ్మ, కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ఆ సంగతి నేనే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. నేను ఫోన్‌లో నాలుగు ముక్కలు కూడబలుక్కుని చెప్పడమే వింత. దేవుడు దీని నోట్లో నాలుక పెట్టడం మరిచిపోయాడని నాయనమ్మ నా గురించి అంటుంది. నాన్న భయపడ్డాడు. మర్నాటికల్లా ఎల్ఈడీ లైటు వచ్చింది.

ఎలక్ట్రీషియన్ స్విచ్చి వేశాడు. గుమ్మం ముందు మెట్లు, దారి, పిట్టగోడ, దానవతల పూలత్త చామంతి సాళ్ళు అన్నీ పాలు పోసినట్టు తెల్లగా అయిపోయాయి.

"ఏంటి వదినా, సూర్యుణ్ణి తాడుకట్టి గుమ్మానికి వేలాడదీశావు!" అంది పూలత్త కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఇక మాకు పొద్దు గూకడం అనేది లేదన్నమాట."

"నీకూ మంచిదేగా. మీ తోటలో కూడా ఎవడూ దూరడు," అంది అమ్మ.

"మా తోటలో దూరేది ఎలుకలే. అవి లైటుంటే ఇంకా తీరిగ్గా తింటాయి."

అమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత. ఆ నవ్వు చూసి నాయనమ్మ తను అనబోయింది మింగేసింది.

ఆ లైటు కింద అమ్మ సాయంత్రాలు మిషను వరండాలోకి లాక్కుని కుట్టుకునేది. నేను మెట్ల మీద పుస్తకం పెట్టుకునేదాన్ని. పురుగులు లైటు చుట్టూ మూగేవి, గోడ మీద బల్లులకు ఉన్నచోటనే విందు. లోపలికి వచ్చాక గడియలు మాత్రం ఎప్పటిలాగే పడేవి. అయినా అమ్మ మిషను ఆపి చెవులు రిక్కించడం తగ్గింది.

ఇబ్బంది పడింది నాయనమ్మ. తలుపు పైన గాలి కోసం వదిలిన కంత ఉంది. అందులోంచి లైటు తిన్నగా ఆవిడ మొహం మీద పడేది.

"మిట్టమధ్యాహ్నం వచ్చి నా మొహం మీద కూర్చుందే," అనేది నాతో రహస్యంగా. "కళ్ళు మూసుకున్నా రెప్పల్లోంచి కనపడుతోంది. మీ అమ్మతో అనకు. దానికిప్పుడిప్పుడే కాస్త ధైర్యం వస్తోంది."

ఒక మధ్యాహ్నం అమ్మ దారాలు కొనడానికి బజారుకి వెళ్ళింది, నేను బళ్ళో ఉన్నాను. ఎలక్ట్రీషియన్ ఎక్కడికో పనికి పోతూ నిచ్చెన భుజాన వేసుకుని మా గుమ్మం ముందు నుంచి నడిచాడు. నాయనమ్మ ఆయన్ని పిలిచింది.

"నాయనా, ఆ దీపం కాస్త పెద్ద చేసి పెట్టవూ. పడుకోలేకపోతున్నా."

"అలాగే పెద్దమ్మగారూ, రేపు చేసేస్తా," అన్నాడు ఆయన.

మర్నాడు అన్నట్టే వచ్చాడు. పాతది విప్పాడు. దానికి రెండింతలున్న కొత్తది బిగించాడు. పళ్ళెమంత లైటు. అమ్మ మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి చూస్తూ నిలబడింది.

"ఇదేంటి తమ్ముడూ, ఎవరు చెప్పారు?"

"పెద్దమ్మగారే అడిగారక్కా, సరిపోవట్లేదు పెద్దది చెయ్యమని. అన్నకి ఫోన్ చేస్తే, అమ్మ మాట కాదనకు, వెయ్యమన్నారు."

అమ్మ నాయనమ్మవైపు తిరిగింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడవైపు అమ్మ అలా చూడడం నేను చూడలేదు. దగ్గరికి వెళ్ళి మంచం మీద కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నా భయం మీకు అర్థమైంది అత్తయ్యా. అందరూ నవ్వారు. మీరు నవ్విస్తూనే ఉన్నారు గానీ అర్థం చేసుకున్నారు."

నాయనమ్మ నావైపు ఓరగా చూసింది. "అదేలే," అంది చివరికి.

రాత్రి అన్నం తిన్నాక నా చెవిలో గొణిగింది. "వీడి చదువు మండ! దీపాన్ని పెద్ద చెయ్యమంటే పెద్దది తెస్తాడా?"

"పెద్ద చెయ్యమంటే పెద్దదే కదా నాయనమ్మా తెచ్చేది?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "దీపాన్ని ఆర్పమని ఎవరైనా నోటితో అంటారటే? ఇంట్లో దీపం ఆరాలని కోరుకున్నట్టు ఉండదూ? అందుకని పెద్ద చెయ్యమంటాం. మా అమ్మ అలాగే అనేది, మా అత్త అలాగే అనేది. పడుకోబోయే ముందు, దీపం పెద్ద చేసి రావే, అంటే వెళ్ళి ఉఫ్ అని ఊదేదాన్ని. ఇప్పుడు మీకు మాటలు కూడా స్విచ్చిలే."

"అమ్మకి చెప్పనా?"

"చెబితే నీ నాలుక కోస్తా," అంది లేని నాలుకని. "దానికి నా మీద ఇన్నేళ్ళకు నమ్మకం కుదిరింది. ఎలక్ట్రీషియన్‌కి మాట రాదని అది పోగొట్టుకోమంటావా? నేనే దుప్పటి ముసుగు పెట్టుకుంటాలే."

అలా ఆ పెద్ద లైటు మా గుమ్మం మీద నిలిచిపోయింది. రోజులు కురచవుతూ చలి దిగుతోంది.

చామంతులు మొగ్గ తొడిగే కాలమది. మామూలుగా ఆ రోజుల్లో పూలత్త పాటలు పాడుతూ కలుపు తీసేది. ఆ ఏడు పాట లేదు. మొక్కల మధ్య వంగి ఆకులు తిప్పి తిప్పి చూసేది. ఏదో మందు కొట్టింది. మళ్ళీ ఇంకోటి కొట్టింది. మా వైపు సాళ్ళలో మొక్కలు నిగనిగలాడుతూ నడుమెత్తు పెరిగాయి. ఒక్క మొగ్గ లేదు. అవతలివైపు మాత్రం ప్రతి కొమ్మకీ మొగ్గలు.

ఒక సాయంత్రం బట్టలు తీయడానికి నేను డాబా ఎక్కాను. ఆ కాళ్ళు కనిపించినప్పటి నుంచి మా బట్టలు డాబా మీదే ఆరేస్తున్నాం. పైనుంచి తోటంతా కనిపించింది. దూరంగా ఉన్న సాళ్ళ మీద మొగ్గలు పచ్చటి పొడి చల్లినట్టు ఉన్నాయి. మా వైపు మాత్రం ముదురాకుపచ్చ, విసనకర్ర ఆకారంలో. విసనకర్ర పిడి మా గుమ్మం దగ్గర మొదలైంది. అంచు తోట మధ్యదాకా పోయింది. ఎవరో గీత గీసినట్టు, లోపల మొగ్గ లేదు, బయట ఉంది.

పిట్టగోడ దగ్గర పూలత్త కనిపించింది. పిలవాలనుకున్నాను. గొంతు రాలేదు. బట్టల క్లిప్పు ఒకటి ఆవిడ ముందు పడేలా విసిరాను. తలెత్తింది. పైకి రమ్మని చెయ్యి ఊపాను.

వచ్చింది, ఆయాసపడుతూ. నేను చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత వంగి, మా డాబా అంచు నుంచి కిందికి, లైటు ఉన్న చోటికి చూసింది.

"నాకు తెలుసే," అంది మెల్లగా. "తెలిసీ తోచలేదు చూడు. చామంతికి పొడుగు రాత్రి కావాలి. బాగా చీకట్లో పడుకుంటేనే మొగ్గ వేస్తుంది. పాపం, నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టి మందులు తాగిస్తున్నా వాటిచేత."

కింద అమ్మ ఉతికిన గుడ్డ ఇస్త్రీ చేస్తోంది. పూలత్త వరండాలోకి వచ్చి, స్తంభం పట్టుకుని నిలబడింది.

"వదినా, ఒక మాట. ఆ లైటు కొంచెం తగ్గించవా? కాస్త చిన్నది పెట్టినా సరే, ఇటు తిప్పినా సరే. మొక్కలు మొగ్గ వెయ్యట్లేదు."

"లైటుకీ మొగ్గకీ ఏంటి సంబంధం?"

పూలత్త చెప్పింది. అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అంతా విన్నది.

"ఈ చలికాలం కోతే మాకు ఏడాది తిండి వదినా. ఈసారి కూడా సరిగ్గా రాకపోతే కౌలు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానన్నాడు భూమి ఆయన. తోట పోతే మేం ఇక్కడ ఉండి చేసేదేం లేదు."

"ఆ చెప్పు ఎవరిదో ఇంకా తెలియలేదు," అంది అమ్మ.

"తెలుసు. కానీ..."

"నీకు పూలు. నాకు పిల్ల."

"నీ పిల్లని నేనేమైనా మొగ్గలోనే తుంచమన్నానా?" పూలత్త గొంతు లేచింది. "చీకటి పడనివ్వమన్నా, అంతే. లోకమంతా పడే చీకటే!"

"నువ్వు తలుపుకి గడియ కూడా పెట్టకుండా పడుకుంటావు. నీకు నా బాధ తెలియదు."

"నాకు ఒంటి చెప్పు భయం లేదు వదినా. రెండు చెప్పులూ వేసుకుని దర్జాగా వచ్చి తోటలోంచి పొమ్మనేవాడంటేనే భయం."

ఆవిడ వెళ్ళిపోయింది. నాయనమ్మ మంచం మీద ముసుగులో కదలకుండా ఉంది. నిద్రపోవట్లేదని నాకు తెలుసు. అమ్మ ఇస్త్రీ చేసిన గుడ్డనే మళ్ళీ ఇస్త్రీ చేసింది.

ఆ తర్వాత పిట్టగోడ మీద మోచేతులు కనిపించలేదు. కరివేపాకు అటూ ఇటూ పోవడం ఆగింది. పొద్దున్నే పూలత్త కనిపిస్తే అమ్మ తల దించుకుని లోపలికి వచ్చేది, అమ్మ కనిపిస్తే పూలత్త తోటలో వంగేది. నాన్న ఫోన్లో, "ఏం ఇల్లు నిశ్శబ్దంగా ఉంది?" అన్నాడు. మనిషి ఇంట్లో లేడు గానీ ఇంటి సంగతి ఆయనకీ తెలిసిపోయింది.

పూలత్త ఊరుకోలేదు. తోట అంచున కర్రలు పాతి తెర కట్టింది. పాత దుప్పట్లు, గోనెసంచులు, నల్ల ప్లాస్టిక్ పట్టా, ఏది దొరికితే అది, చేత్తో అతికి కుట్టింది. పొద్దు వాలగానే దాన్ని పైకి లాగేది, పొద్దున్నే దించేది. కానీ మా లైటు ఎత్తులో ఉంది, తెర మీదుగా దాటి పోయేది. ఇంకా ఎత్తు పెంచింది. చలిగాలి దాన్ని తెరచాపలా ఊదేది. అతుకులు ఊడేవి. మళ్ళీ కుట్టేది. మళ్ళీ ఊడేవి.

అమ్మ మిషను మీద నుంచి అదంతా చూస్తూనే ఉంది. తప్పు ఒప్పుల సంగతి దేవుడెరుగు, అతుకు ఊడడం మాత్రం అమ్మ చూడలేదు. తనకి పడనివాళ్ళ బట్టలకైనా సరే, దారం వేలాడుతుంటే చెయ్యి ఊరుకోదు.

"అలా కుడితే ఎలా నిలుస్తుంది," అని గొణిగింది ఒక రోజు. "గోనెకి ఆ దారమేంటి? ఒంటిపోగు! మడిచి కుట్టాలి కదా."

"నువ్వు వెళ్ళి చెప్పు," అంది నాయనమ్మ ముసుగులోంచి.

"నాకెందుకు?"

మర్నాడు సాయంత్రం గాలి పెద్దగా వీచింది. లైటు అప్పుడే వేశాం. తెర మధ్య అతుకు పర్రున చిరిగింది, సగం గుడ్డ మొక్కల మీద పడింది. పూలత్త ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస ఎగిరిపోతోంది. ఆవిడ అరవడం లేదు, తిట్టడం లేదు. గుడ్డని రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది.

అమ్మ మిషను ఆపింది. డబ్బాలోంచి దబ్బనం, పురికొస తీసింది. చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"ఆ అతుకు చూడలేకపోతున్నా. నువ్వు గుమ్మం దాటకు. ఇక్కడే నిలబడు, నాకు కనిపించేలా."

పొద్దు గూకాక అమ్మ గేటు దాటడం అదే మొదలు. గబగబా నడిచింది, తలవంచుకుని, ఎవరో తరుముతున్నట్టు. పూలత్త దగ్గరికి చేరింది. అమ్మ కొస మడిచింది, పూలత్త పట్టుకుంది, అమ్మ కుట్టింది. లైటు వెలుగులో ఇద్దరి నీడలూ తోటంత పొడుగ్గా పడ్డాయి.

కుట్టడం అయ్యాక అమ్మ దారం పళ్ళతో తెంపి, ఇంటివైపు తిరిగింది. ఒక్కసారిగా చెయ్యెత్తి కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"అమ్మాయ్!" అని పిలిచింది. "ఎక్కడున్నావే?"

"ఇక్కడే," అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"ఎక్కడ? గుమ్మంలోనే ఉండమన్నానా?"

నేను గుమ్మంలోనే ఉన్నాను. లైటుకి సరిగ్గా కింద. చెయ్యి ఊపాను. అమ్మ నావైపే చూస్తోంది, కానీ నన్ను చూడట్లేదు. రెండు చేతులూ ఊపాను.

"కనిపించట్లేదు వదినా," అంది అమ్మ పూలత్తతో, గొంతు మారిపోయి. "నా గుమ్మం నాకు కనిపించట్లేదు."

"లైటొకటే కనిపిస్తుంది ఇక్కణ్ణించి," అంది పూలత్త. "దాని వెనకాల ఏముందో ఎవడికి తెలుసు?"

"అమ్మాయ్!" ఈసారి అమ్మ కేక ఆ దుప్పటి రోజు పెట్టిన కేకలాగా ఉంది.

అప్పుడు నేను అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. "ఇక్కడే ఉన్నానమ్మా! లైటు కింద! నీకెదురుగానే ఉన్నా!"

గదిలో ముసుగులోంచి నాయనమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఓయమ్మో, దీనికి నాలుక వచ్చింది!"

అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. నా భుజం పట్టుకుంది. తర్వాత నా పక్కనే నిలబడి తోటవైపు చూసింది. ఇక్కణ్ణించి పూలత్త, తెర మీది కుట్టు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. అమ్మ ఒకసారి అటు చూసింది, ఒకసారి లైటు వెనక గోడవైపు, వరండా మూలవైపు, నీళ్ళ తొట్టి పక్కనున్న నల్లటి నీడవైపు చూసింది. అక్కడ మనిషి కూర్చున్నా బయటివాళ్ళెవరికీ కనపడడు. లోపలికి వచ్చి గడియలు పెట్టింది. కీచు, టక్కు. కాసేపు గడియ మీదే చెయ్యి ఉంచింది.

"అత్తయ్యా," అంది. "లైటు తగ్గిద్దామనుకుంటున్నా. మీరు కోరి పెట్టించారు. ఏమనుకోకండి."

నాయనమ్మ చాలాసేపు దుప్పటి కొస నలిపింది. "నేను కోరింది ఇది కాదే అమ్మాయ్," అంది. "పెద్ద చెయ్యమన్నా నేను. పెద్ద చెయ్యమంటే... ఆర్పమని."

అమ్మకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక నవ్వు వస్తుందనుకున్నాను. రాలేదు.

"అంటే ఇన్నాళ్ళూ నిద్రపోలేదా?"

"ముసలిదాన్ని, నాకెంత నిద్ర కావాలి."

"మరి చెప్పలేదేం?"

"నా చెయ్యి పట్టుకున్నావుగా," అంది నాయనమ్మ.

అమ్మ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఈసారి చెయ్యి పట్టుకోలేదు, మంచానికి రెండోవైపు కాళ్ళు జాపుకుని పడుకుంది, చిన్నపిల్లలా. "మీరూ, ఆ చామంతులూ," అంది పైకప్పు చూస్తూ. "కూర్చోబెట్టి జాగారం చేయించాను అందరిచేతా."

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నిచ్చెన వేసి, "ఈసారి ఏం చెయ్యమంటారు పెద్దమ్మగారూ?" అన్నాడు.

"నీ దగ్గర నోరు విప్పను నాయనా," అంది నాయనమ్మ. "అమ్మాయ్, నువ్వే చెప్పు, మీ భాషలో."

"తగ్గించు తమ్ముడూ," అంది అమ్మ. "బాగా తగ్గించు."

పళ్ళెమంత లైటు దిగింది. ఒక చిన్న పసుపుపచ్చ బల్బు పెట్టాడు, గుమ్మానికి దిగువగా. అయినా వెలుతురు పక్కలకి పాకుతోందని అమ్మకి నచ్చలేదు. నూనె డబ్బా కత్తిరించి, అంచులు మడిచి, చొక్కా కాలరు మలిచినట్టు మలిచి దానికి టోపీ పెట్టింది. ఇప్పుడు వెలుతురు మెట్ల మీద పడి అక్కడే ఆగిపోయింది, పొయ్యి ముందు పడుకున్న పిల్లిలాగా. అమ్మ నన్ను గుమ్మంలో నిలబెట్టి గోడదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. తోట అంచుదాకా వెళ్ళి చూసింది.

"కనిపిస్తున్నావు," అంది తిరిగి వచ్చి. "మొహం కూడా."

ధైర్యం ఒక్కరోజులో రాలేదు. మొదటి సాయంత్రం గడియలు వేసి, తీసి, చూసి, మళ్ళీ వేసింది. అర్ధరాత్రి లేచి నాన్నకి ఫోన్ చేసిందట. చీకట్లో లారీ ఆపుకుని ఆయన చాలాసేపు మాట్లాడాడట. ఏం మాట్లాడుకున్నారో అడిగితే, "మీ నాన్న ఉండే చోట ఎంత చీకటిగా ఉంటుందో చెప్పాడు," అంది అంతే. ఆ ఒంటి చెప్పు మాత్రం బండ దగ్గర అలాగే ఉండేది. కొన్నాళ్ళకి నాయనమ్మ అందులో మట్టి పోసి కొత్తిమీర గింజలు చల్లింది. మొలకలు వచ్చాక అమ్మ దానికి నీళ్ళు పోయడం చూశాను.

పూలత్త తెర తీసేసింది. మా వైపు సాళ్ళు అలాగే ఆకులతో ఉన్నాయి. అవతలి సాళ్ళు విచ్చుకున్నాయి, కోత మొదలైంది, గంపలు వెళ్ళిపోతున్నాయి. విసనకర్ర మాత్రం పచ్చగా, మొండిగా అలాగే ఉంది.

"ఆలస్యమైపోయిందా?" అని అమ్మ ఒక రోజు గోడ మీదుగా అడిగింది. అడగడానికి పిట్టగోడ మీద మోచేతులు పెట్టింది. ఈసారి మా వైపు నుంచి.

"తెలియదు వదినా. నిద్ర చెడినవాళ్ళకి తిరిగి నిద్ర పట్టడానికి టైం పడుతుంది కదా. పట్టిందో లేదో వాటిని లేపి అడగలేం."

"భూమి ఆయన ఏమంటున్నాడు?"

"కోత పూర్తయ్యేదాకా ఆగమన్నా. ఆగాడు. ఈ వైపు కూడా వస్తే నిలబడతాం."

అమ్మ అప్పటి నుంచి సాయంత్రమైతే చేతిపని ముందుగా ముగించేది. మిషను దగ్గరున్న తెల్లటి ట్యూబులైటు కిటికీలోంచి తోటమీద పడకుండా కిటికీకి మందపాటి గుడ్డ కుట్టి వేలాడదీసింది. రెండు మడతలు, రెండు వరసల కుట్టు. ఎవరూ అడగలేదు.

చలి బాగా ముదిరిన ఒక సాయంత్రం, పొద్దు గూకాక, తోటలోంచి పూలత్త కేక వినిపించింది.

"అమ్మాయ్! ఇటు రావే ఒకసారి! నా వేళ్ళు మొద్దుబారిపోయాయి, నాకు తెలియట్లేదు. నీ వేళ్ళు సన్నవి."

నేను అమ్మవైపు చూశాను. అమ్మ చేతిలో సూది ఉంది. తలుపువైపు చూసింది, బయటి చీకటివైపు చూసింది. నాయనమ్మ మంచం మీద నుంచి ఇద్దరినీ చూసింది.

"స్వెట్టర్ వేసుకుని వెళ్ళు," అంది అమ్మ.

చీకట్లో తోట వేరేగా ఉంది. మొక్కలు నా నడుము తాకుతున్నాయి, మంచు పట్టి చల్లగా, ఘాటైన ఆకు వాసనతో. పూలత్త నా చెయ్యి పట్టుకుని ఒక కొమ్మ చివర పెట్టించింది. "చిగురా? మొగ్గేదైనా ఉందా? మెల్లగా."

ఆకులు. ఆకుల మధ్య ఆకు. ఇంకో కొమ్మ. వేళ్ళు జిల్లుమంటున్నాయి. మూడో కొమ్మ చివర, ఆకుల మధ్యలో, గట్టిగా, గుండ్రంగా, చిన్నది తగిలింది. అమ్మ చొక్కా కాలరుకి కుట్టే అతి చిన్న గుండీ అంత. దాని పక్క కొమ్మకీ ఉంది. దాని పక్కదానికీ.

వెనక్కి తిరిగాను. మా గుమ్మం తలుపు బార్లా తీసి ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, మొహం కనిపిస్తోంది. వెనక ట్యూబులైటు తెల్లటి వెలుగు అమ్మ పక్కల నుంచి మెట్లు దిగి, గోడ దాటి, మొదటి సాలు మీద పడుతోంది.

"ఉందమ్మా!" అని అరిచాను. "ఉంది! అన్నిటికీ ఉన్నాయి!"

"నిజంగానా?"

"నిజం! గుండీలంత!"

అమ్మ కింద మెట్లమీద, గోడమీద, మొక్కలమీద పడుతున్న వెలుగుని చూసుకుని, "అయ్యో, మరి వాటిని నిద్రపోనివ్వండి," అంది, నన్ను చీకట్లోనే ఉంచి తలుపు వేసేసింది.

అలవాటుగా చెవి పెట్టాను. కీచు లేదు, టక్కు లేదు.